నిన్నటికన్నా నయమే కావచ్చు

స్కెల్‌సీ
7 అక్టోబరు 1951, ఆదివారం

తమ్ముడు సిరిల్‌కి అక్క ఎడ్నా రాస్తున్నది.

నేను ఫరవాలేదు. పోయిన వారంకన్నా నయమే అనుకుంటాను. తుంటి నొప్పి వాన రాకముందే కబురు చెబుతోంది. అది మామూలే.

ఇవాళ ప్రార్థన నుంచి రాగానే, టోపీ కూడా తీయకుండా, అంగలు వేశాను. వంటింటి గడప నుంచి సముద్రపు గట్టు అంచు దాకా నలభై ఒకటి వచ్చాయి. పోయినేడు ఇదే వారానికి నలభై ఏడు. అంటే ఆరు తగ్గాయి. అంతకు ముందేడు తొమ్మిది పోయాయి కాబట్టి ఇది మంచి సంవత్సరమనే చెప్పుకోవాలి. పక్కింటి టామ్ బ్లెంకిన్‌కి ముప్ఫై మూడే మిగిలాయి. ఆగస్టులో ఆయన బంగాళాదుంపల మడి రెండు వరసలు సముద్రంలోకి జారిపోయాయి. చేపలకి ఇన్నాళ్లకి చిప్స్ దొరికాయిలెండి అన్నాడు. ఇల్లు ఎన్నాళ్లుంటుందని ఎవరడిగినా, "నేనున్నన్నాళ్లూ ఉంటుందిలే" అంటాడు. ఇరవయ్యేళ్లుగా అదే మాట. ఆయనా పోవడం లేదు, ఇల్లూ పోవడం లేదు.

మా ఆయన లెన్ ఈ ఇల్లు కొన్నప్పుడు మా పెరటికీ గట్టుకీ మధ్య ఆవులు మేసేవి, గుర్తుందా? పోయేటప్పుడు కూడా ఆయన, మన తరానికి ఢోకా ఉండకపోవచ్చు అనే పోయాడు. మొన్న కౌన్సిలు వాళ్ల కాగితం వచ్చింది. భవిష్యత్తులో ఎప్పుడైనా ఖాళీ చేయవలసిన అవసరం ఏర్పడవచ్చునట, ఏర్పడకనూ పోవచ్చునట. అంత చెప్పడానికి ముగ్గురు సంతకాలు పెట్టారు.

ఈ ఎండాకాలం నా పెరటి టీ బల్లల దగ్గరికి బేరానికి వచ్చినవాళ్లు తక్కువే. అంచుకి దగ్గరగా కూర్చుని టీ తాగాలంటే జనానికి జంకు కాబోలు.

అన్నట్టు, మీ వెనక గది ఇంకా చెమ్మగానే ఉందా? ఊరికే గుర్తొచ్చి అడిగాను. మరదలు డోరీన్‌ని అడిగానని చెప్పు.

ఉంటాను,
ఎడ్నా

———

లెస్టర్
17 అక్టోబరు 1951

ఎడ్నక్కా,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ అందరం ఒక మాదిరిగా ఉన్నాం. మేజోళ్ల ఫ్యాక్టరీలో పని కొంచెం మందగించింది గాని, పక్క ఫ్యాక్టరీకన్నా మేమే మెరుగు.

వెనక గది చెమ్మ గురించి అడిగావు. దాచడం దేనికి, పోయిన చలికాలంకన్నా ఎక్కువైంది. ఉత్తరం గోడ మీద బూజు మనిషి ఎత్తు లేచింది. డోరీన్ కుట్టుమిషను అక్కడే ఉంది, దానికి దుప్పటి కప్పి పెట్టాం. కాబట్టి గది అలా ఉంది.

ఎప్పుడైనా నీకు గాలి మార్పు కావాలనిపిస్తే, వీలు పడితే, నువ్వు ఇటు వైపు ఒకసారి వచ్చినా రావచ్చు. నేనైతే కాదనకపోవచ్చు.

ఈ వాక్యం డోరీన్ నా భుజం మీదుగా చదివి, "ఇది పిలుపా, రేడియోలో వాతావరణ సూచనా?" అని అడిగింది. ఆమెకేం తెలుసు, సముద్రం మొహం ఎరగని ఊళ్లో పుట్టింది. మన ఇంట్లో మొదటిసారి భోజనానికి కూర్చుని 'పంది' అన్నప్పుడు అమ్మ లేచి వెళ్లి, అరిష్టం పోవాలని పొయ్యి ఇనుము ముట్టుకోవడం నీకు గుర్తుండే ఉంటుంది. చేపల వాళ్లింట్లో ఆ మాట అనకూడదని పాపం ఎవరూ చెప్పలేదు. ఆ రోజు నుంచి మనందరికీ పిచ్చని ఆమె నమ్మకం.

నాన్న సంగతి మళ్లీ చెప్పమంది, చెప్పాను. అప్పటికి నాకు ఏడేళ్లు, సరిగ్గా గుర్తులేదు. నాన్న పడవ తోసుకుని వెళ్తుంటే అమ్మ గడపలో నిలబడి, సాయంత్రం ఆరింటికి వచ్చి వేడివేడిగా చేపల స్టూ తింటావు, ఇది ఖాయం అందనుకుంటాను. అంతేనా?

తమ్ముడు,
సిరిల్

———

స్కెల్‌సీ
6 జనవరి 1952, ఆదివారం

సిరిల్,

ఆరింటికి కాదు, అయిదున్నరకి. చేపల స్టూ కాదు, మటన్. నాన్న రాలేదు. అది మూడు రోజులు బల్ల మీదే ఉంది, ఎవరం ముట్టుకోలేదు. నాకు పన్నెండేళ్లు, అంతా గుర్తుంది. ఖాయం అనే అంది. ఆ తరవాత బతికినన్నాళ్లూ అమ్మ రేపు తెల్లవారుతుందని కూడా గట్టిగా అనలేదు. తెల్లవారవచ్చు అనేది. నేనూ అంతే, నువ్వూ అంతే. సముద్రం వింటూ ఉంటుందని అమ్మ అనేది కదా. నవ్వుకునే మాటే గాని, గాలి తిరిగిన రోజున నవ్వు రాదు.

చెమ్మ గురించి రాశావు, అర్థమైంది. కుట్టుమిషనుకి కూడా చోటుండాలి కదా. నేను ఊరికే అడిగాను, మనసులో ఏమీ పెట్టుకోవద్దని డోరీన్‌తో చెప్పు. గాలి మార్పుకి రమ్మన్నావు, సంతోషం. వసంతంలో ఒక వారం రావచ్చేమో చూస్తాను. ఇక్కడ గాలికి మాత్రం లోటు లేదు.

క్రిస్మస్ తరవాత తుఫాను పట్టింది. ముప్ఫై నాలుగు. కోళ్లగూడు ముందు వాకిట్లోకి మార్చాను. ఊరి చివర వాళ్ల గోడే పోయింది, ఆ లెక్కన మేం అదృష్టవంతులం.

ఎడ్నా

———

లెస్టర్
20 మార్చి 1952

అక్కా,

నువ్వు వసంతంలో రావచ్చేమో అన్నావు. మళ్లీ ఆ ఊసెత్తలేదు. తొందరేం లేదులే.

వెనక గది పాత సున్నమంతా గీకేశాను. నాలుగు ఆదివారాలు పట్టింది. నిచ్చెనెక్కే వయసా ఇది అని డోరీన్ కింద నిలబడి తిడుతూనే ఉంది, తిడుతూనే నిచ్చెన పట్టుకుంది. కొత్త సున్నం వేసి, పైన నీలం రంగు పూశాను. నాన్న పడవకి ఉండేదే, ఆ నీలం. దొరకడం కష్టమైంది. రెండు రంగులు కలిపి చూసుకుని చేశాను. ఇప్పుడు గది మునుపటికన్నా కొంచెం నయంగా ఉంది.

డోరీన్ మేనకోడలు జాయిస్‌కి ఇక్కడి ఆసుపత్రిలో నర్సు పని దొరకవచ్చంటున్నారు. గది ఇంకెవరికీ అవసరం లేదనుకుంటే ఆమెకి ఇద్దామేమో అని ఒక ఆలోచన. ఇంకా ఏదీ తేలలేదు. నువ్వేమంటావు?

సిరిల్

———

స్కెల్‌సీ
6 ఏప్రిల్ 1952

సిరిల్,

చక్కని ఆలోచన. నేనేమంటాను? వయసులో ఉన్న పిల్లకి నీలం గది బాగుంటుంది. మీ ఇద్దరికీ ఇంట్లో సందడిగా ఉంటుంది.

వసంతంలో రావడం పడకపోవచ్చు. కోళ్లు పొదుగుతున్నాయి.

ఇరవై ఎనిమిది. కానీ ఎండ బాగుంది.

ఎడ్నా

———

లెస్టర్
2 సెప్టెంబరు 1952

ఎడ్నక్కా,

చాలా రోజులైంది రాసి. జాయిస్ వచ్చి చేరింది. మంచి పిల్ల, అన్నీ తానే చూసుకుంటుంది.

డోరీన్‌కి వసంతంలో ఉన్నంత ఓపిక ఇప్పుడు లేదు. కొంచెం నీరసం. అయినా పక్క మంచం ఆవిడకన్నా చాలా నయం. డాక్టరు కూడా, ఇంతకన్నా అధ్వానంగా ఉన్నవాళ్లని చూశానన్నాడు. నిన్న అరకప్పు టీ తాగింది. మొన్నటికన్నా అది ఎక్కువే.

నీ తుంటి ఎలా ఉంది? గట్టు ఎలా ఉంది?

సిరిల్

———

స్కెల్‌సీ
14 సెప్టెంబరు 1952, ఆదివారం

సిరిల్,

పక్క మంచం అన్నావు. మీ ఇంట్లో పక్కన మంచమేదీ లేదు. ఆసుపత్రిలో చేర్చారా? ఎన్నాళ్లయింది? నువ్వు చెప్పేది చెప్పకుండా మిగతాదంతా రాస్తావు, చిన్నప్పటి నుంచీ అంతే.

నేనిక్కడ పెద్దగా చేస్తున్నదేమీ లేదు. ఎవరైనా మనిషి సాయం కావాల్సి వస్తే, జాయిస్‌కి డ్యూటీ ఉన్న రోజుల్లో అనుకో, నేను కుర్చీలో పడుకున్నా పడుకోగలను. బలవంతమేం లేదు. అక్కర్లేదనుకుంటే అక్కర్లేదని చెప్పు, నేనేం అనుకోను.

తుంటి పోయిన నెలకన్నా కాస్త ఎక్కువగా పట్టేస్తోంది. బ్లెంకిన్ ఒక కర్ర చెక్కి ఇచ్చాడు. ఇరవై రెండు.

ఎడ్నా

———

లెస్టర్
24 సెప్టెంబరు 1952

అక్కా,

అంత దూరం నువ్వు కష్టపడి రావడం దేనికి? జాయిస్ ఉంది కదా, ఎలాగో నెట్టుకొస్తున్నాం. అవసరం పడితే రాస్తాను, పడకపోవచ్చు.

సిరిల్

———

స్కెల్‌సీ
7 డిసెంబరు 1952, ఆదివారం

తమ్ముడూ,

క్షేమంగా ఇల్లు చేరాను. హల్ పట్నంలో బస్సు కోసం గంటసేపు నిలబడ్డాను గాని, వాన లేదు.

డోరీన్ లేదంటే ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు. నీ టెలిగ్రాంలో "ముగిసింది" అన్న ఒక్క మాట తప్ప నీ ఉత్తరాలన్నిటిలో నిజమైన మాట లేదు సిరిల్. కోపంతో అనడం లేదు. ఆమె అంత బాధ పడుతోందని తెలిస్తే పిలవకపోయినా వచ్చేదాన్ని. నువ్వు నయం, నయం అని రాస్తుంటే నయమేననుకున్నాను. మన ఇంట్లో ఆ మాటకి అర్థం లేదని నాకు తెలియాల్సింది. నేనూ అదే ఇంట్లో పుట్టాను.

మీ పక్కింటావిడ నాకు పడక ఇచ్చింది, కృతజ్ఞతగా ఆమెకి ఒక ఉత్తరం రాస్తాను. పై మెట్ల దగ్గర నిలబడి వెనక గది చూశాను. నీలం సరిగ్గా కుదిరింది. కిటికీ దగ్గర కుర్చీ, కింద చిన్న చాప, మంచానికి ఎత్తు తక్కువ. నాలాంటి తుంటి ఉన్నవాళ్లకి కూడా ఎక్కడం తేలిక. జాయిస్ అదృష్టవంతురాలు అన్నాను నీతో. నువ్వు, కావచ్చు అని కిందికి దిగిపోయావు. ఏదో అనరాని మాట అన్నానా? అని ఉంటే క్షమించు.

నా గురించి దిగులు పడకు. ఇవాళ అంగలు వేశాను. ఇరవై రెండే. సెప్టెంబరులో ఎంతో ఇప్పుడూ అంతే. మూడు నెలలకి ఒక్క అంగ కూడా తగ్గకపోవడం ఈ ఇంట్లో ఇదే మొదటిసారి. సముద్రానికి కూడా విసుగొచ్చినట్టుంది. ఈ లెక్కన, బ్లెంకిన్ అన్నట్టు, నేనున్నన్నాళ్లూ ఉన్నా ఉండవచ్చు.

వేళకి తిను.

ఎడ్నా

———

లెస్టర్
26 జనవరి 1953

అక్కా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపాను. ఇప్పుడు చింపను.

డోరీన్ ఆసుపత్రిలో ఉండగా, అక్టోబరులో, ఒక మధ్యాహ్నం నన్ను అడిగింది. "మీ అక్కని రమ్మన్నావా?" అంది. నాలుగైదుసార్లు అడిగాను, అక్కకి ఇష్టం లేదేమో అన్నాను. నేను రాసినవి ఎలా రాశానో ఆమెకి తెలుసు. అప్పటికి మాట్లాడటమే కష్టం, అయినా తల ఇటు తిప్పి అంది: "నోరు తెరిచి రా అంటే సముద్రం వచ్చి మింగేస్తుందా మిమ్మల్ని? నువ్వు మూల నిలబడి రావచ్చు అంటావు. ఆవిడ ఆ మూల నిలబడి చూద్దాం అంటుంది. మధ్యలో నేను పోతున్నాను." ఆ తరవాత నవ్వింది. అది ఆమె ఆఖరి నవ్వు. నీకు అప్పుడే రాయాల్సింది. భయమేసింది, రాయలేదు.

ఇంకొకటి. అంత్యక్రియల రోజు నువ్వు గేటు దగ్గర నుంచి తలుపు దాకా నడవడం కిటికీలోంచి చూశాను. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. పంతొమ్మిది అంగలు వేశావు. నేను అదే దారి పది అంగల్లో వస్తాను. ఇదివరకు నువ్వు నాకన్నా పెద్ద అంగ వేసేదానివి. నీ ఉత్తరంలో ఇరవై రెండు ఇరవై రెండుగానే ఉందని చదివినప్పుడు నెత్తిన చన్నీళ్లు గుమ్మరించినట్టయింది. సముద్రం ఆగలేదు అక్కా. నీ అంగ కురచైంది. నీ ఇరవై రెండు నా లెక్కలో పన్నెండు కూడా కాదు.

చెమ్మ గురించి నువ్వు మొదటిసారి అడిగినప్పుడే నాకు అర్థం కావాల్సింది. గది అడిగావని తెలియక గోడ సంగతి చెప్పాను. అర్థమయ్యాక గోడ గీకాను. ఎవరికోసమో రాయలేదు. నువ్వు, ఆ గది నాకు కావాలి అంటావని జాయిస్ పేరు ఎత్తాను. నువ్వు చక్కని ఆలోచన అన్నావు. ఆ కుర్చీ, ఆ చాప, ఆ ఎత్తు తక్కువ మంచం, అన్నీ నీకే. జాయిస్ కొత్త సంవత్సరానికి నర్సుల హాస్టలుకి వెళ్లిపోయింది. ఇంట్లో నేనొక్కణ్నే ఉన్నాను. సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చాక నాతో మాట్లాడేది కెటిల్ ఒక్కటే.

నాకు నువ్వు కావాలి. రా. వీలైతే అని రాయను. వెంటనే రా.

నీ తమ్ముడు,
సిరిల్

———

స్కెల్‌సీ
30 జనవరి 1953, శుక్రవారం

సిరిల్,

నీ ఉత్తరం పొయ్యి దగ్గర నిలబడి చదివాను, తరవాత కూర్చుని చదివాను. ముసలిదాన్ని, ఏడిపించావు.

బ్లెంకిన్‌ని పిలిచి, నా గడప నుంచి మీ కాళ్లతో ఓసారి నడిచి చూడండి అన్నాను. నడిచాడు. అంచు దగ్గర కాసేపు నిలబడి వచ్చాడు. టోపీ తీసి, "పదకొండు" అన్నాడు. జోకేమీ వేయలేదు. ఇన్నాళ్లూ నాకు భయం లేదని రాశాను కదా. ఉంది. మూడేళ్లుగా రోజూ ఉంది. మంచం ముందు గదిలోకి లాక్కున్నాను, నీకు చెప్పలేదు.

నీలం గది నాకోసమని ఒక్కసారి అనుకుని, ఆశకి అంతుండాలి అని నన్ను నేనే తిట్టుకున్నాను. మెట్ల దగ్గర అందుకే నిలబడిపోయాను.

వెంటనే రమ్మన్నావు. రేపే బయల్దేరవచ్చు గాని, కోళ్లని బ్లెంకిన్‌కి అప్పగించాలి. ఆదివారం ప్రార్థనలో అందరితో చెప్పి రాకపోతే బాగుండదు, ఇరవై మూడేళ్లు అదే బెంచీ మీద కూర్చున్నాను. సోమవారం ఉతుకుడు. మాసిన దుప్పట్లు మూటకట్టుకుని నీ గడప తొక్కుతానా? డోరీన్ చూస్తే ఏమనుకుంటుంది?

మంగళవారం సాయంత్రం నాలుగూ ఇరవై బండికి దిగుతాను. కర్ర, రెండు పెట్టెలు, లెన్ గడియారం. ఇంకేమీ తేను. గాలి ఉత్తరానికి తిరిగింది, చలి ఎక్కువగా ఉంది. టీ చిక్కగా పెట్టు.

నేను వస్తాను సిరిల్. మంగళవారం వస్తాను. తప్పకుండా వస్తాను. ఇది ఖాయం. చూశావా, రాసేశాను, కాగితం కాలిపోలేదు.

ప్రేమతో,
మీ అక్క

———

లెస్టర్
4 ఫిబ్రవరి 1953, బుధవారం

ఎడ్నక్కా,

నీ ఉత్తరం శనివారం మధ్యాహ్నం అందింది. గదిలో పొయ్యి వెలిగించాను. శనివారం రాత్రి సముద్రం ఊళ్ల మీదికి పొంగిన సంగతి ఆదివారం పొద్దుటి నుంచి రేడియో చెబుతూనే ఉంది. లింకన్‌షైర్ వైపు మీకన్నా చాలా అధ్వానమట. మీ వైపు అంతగా లేకపోవచ్చునని ఫ్యాక్టరీలో అన్నారు. టెలిఫోను తీగలు తెగాయి, పోస్టాఫీసు వాళ్లకి ఏమీ తెలియదు. ఎవరేమన్నా నువ్వు మంగళవారం వస్తానన్నావు కదా అని నేను స్టేషనుకి వెళ్లాను.

నాలుగూ ఇరవై బండి నిమిషం కూడా ఆలస్యం కాకుండా వచ్చింది. కర్ర పట్టుకున్న ఒకావిడ దిగింది. నువ్వు కాదు. తరవాతి బండి కూడా చూశాను.

ఇవాళ పొద్దున కానిస్టేబులు వచ్చాడు. బ్లెంకిన్ నా చిరునామా ఇచ్చాడట. ఆయన ఇల్లు సగం ఉందట. శనివారం సాయంత్రం ఆయన వచ్చి చర్చి హాల్లోకి పోదాం రమ్మని నిన్ను పిలిచాడట. నువ్వు సోమవారం ఉతుకుడికి దుప్పట్లు అప్పుడే నానబెట్టానన్నావట. "మంగళవారం ఎలాగూ మా తమ్ముడి దగ్గరికి పోతున్నాను. ఇరవై మూడేళ్లు నిలిచినది మూడు రోజులు నిలవదా?" అని నవ్వావట. ఇంతకాలంలో నువ్వలా నవ్వడం బ్లెంకిన్ చూడలేదట. అది నాకు చెప్పి తీరాలన్నాడట.

నేను రమ్మనకపోతే నువ్వు ఆ రోజు హాల్లోకి వెళ్లేదానివా? ఎప్పటిలాగే భయపడి వెళ్లేదానివేమో. అది తెలియదు. ఇక తెలియదు.

కానిస్టేబులు నోటుబుక్కు తెరిచి, ఖచ్చితంగా, అని మొదలుపెట్టాడు. అయ్యా, ఆ మాట మా ఇంట్లో వాడం అన్నాను. మా అక్క ఇంకా కనిపించలేదు కదా, కాబట్టి మీరు కావచ్చు అనండి, నాకది చాలు అన్నాను. ఆయన నోటుబుక్కు మూశాడు. "కావచ్చు" అన్నాడు. మంచి మనిషి. టీ ఇస్తే తాగాడు. నీకు చిక్కగా పెడదామని తెచ్చిన టీ పొడే అది.

నువ్వు హల్‌లో బస్సు తప్పిపోయి ఉండవచ్చు. రైలు దారి మునిగి ఉండవచ్చు. తుంటి పట్టేసి ఎవరింట్లోనైనా ఆగి ఉండవచ్చు. ఈ ఉత్తరం స్కెల్‌సీ ఇంటికే రాస్తున్నాను, నాకు వేరే చిరునామా తెలియదు. పడక వేసే ఉంచాను. సాయంత్రం నాలుగూ ఇరవైకి మళ్లీ స్టేషనుకి వెళ్లవచ్చు.

నాకెలా ఉందని అడుగుతావు. నిన్నటికన్నా అని రాసి ఆగిపోయాను. నిన్న నాలుగూ ఇరవై దాకా నువ్వు వస్తున్నావు.

తమ్ముడు,
సిరిల్